పాత డెస్క్‌టాప్‌కి కొత్త భాగాలు: కొనేవారి హక్కులు, నియమాలు – తరచూ అడిగే ప్రశ్నలు

ఇంట్లో డెస్క్‌టాప్ నెమ్మదించింది, కొత్తది కొనేంత డబ్బు లేదు, ఒకటి రెండు భాగాలు మారిస్తే ఇంకో మూడు నాలుగేళ్లు లాగుతుంది. ఈ లెక్క వేసుకునే కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. అదే ఏడాది చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అంటే మార్చక తప్పని సమయంలోనే మార్చడం ఖరీదైంది.

విశాఖపట్నం జిల్లా పద్మనాభం నుంచి విడిభాగాల కోసం బయల్దేరితే ఒక దారి విశాఖ ద్వారకానగర్ కంప్యూటర్ షాపులకి, ఇంకోటి విజయనగరానికి. రెండూ కాదంటే ఆన్‌లైన్. ఎటు వెళ్లినా, తెచ్చిన భాగం మన మెషీన్‌లో కూర్చోకపోతే ఒక పూట పని, చార్జీలు, సరుకు డబ్బు అన్నీ పోతాయి. కాబట్టి ఏది సరిపోతుందో తెలుసుకోవడం ఎంత ముఖ్యమో, సరిపోకపోతే చట్టం ఏమంటుందో తెలుసుకోవడమూ అంతే ముఖ్యం. రెండింటికీ మూలం ఒకటే: కొనే ముందే మీ మెషీన్ వివరం, షాపు ఇచ్చిన మాట కాగితం మీదకి ఎక్కాలి.

కొనే ముందు

1. మా కంప్యూటర్‌కి ఏది సరిపోతుందో మాకెలా తెలుస్తుంది?

అంతా మదర్‌బోర్డు మీద ఆధారపడి ఉంటుంది. ముందు దాని మోడల్ పేరు పట్టుకోండి. విండోస్‌లో స్టార్ట్ మెనూ తెరిచి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికితే బోర్డు కంపెనీ, మోడల్, ప్రాసెసర్, బయోస్ వెర్షన్ కనిపిస్తాయి. ఉచితంగా దొరికే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ ర్యామ్ రకం, ఎన్ని స్లాట్లు నిండి ఉన్నాయో కూడా చెబుతుంది. మెషీన్ అసలు ఆన్ కాకపోతే పక్క మూత తీసి చూడండి, బోర్డు మీద మోడల్ పేరు అచ్చు వేసి ఉంటుంది.

ఆ పేరుతో బోర్డు తయారు చేసిన కంపెనీ వెబ్‌సైట్‌లో చూస్తే ఏ ప్రాసెసర్లు పనిచేస్తాయో, వాటికి కనీసం ఏ బయోస్ వెర్షన్ ఉండాలో జాబితా ఉంటుంది. షాపు మాటకన్నా, యూట్యూబ్ వీడియోకన్నా ఆ జాబితానే నమ్మదగింది. దాన్ని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. తర్వాత గొడవ వస్తే మీ వైపు మొదటి సాక్ష్యం అదే అవుతుంది.

2. ప్రాసెసర్ మాత్రం మారిస్తే చాలదా?

సాకెట్, చిప్‌సెట్, బయోస్ మూడూ కలిస్తే చాలు. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఇంటెల్ 6, 7 తరాలకి, 8, 9 తరాలకి సాకెట్ పేరు ఒకటే, ఎల్‌జీఏ1151. అయినా 100, 200 సిరీస్ బోర్డులు 8, 9 తరాల ప్రాసెసర్లని తీసుకోవు. సాకెట్‌లో కూర్చుంటుంది గానీ మెషీన్ లేవదు. 10, 11 తరాలకి ఎల్‌జీఏ1200 సాకెట్, 12, 13, 14 తరాలకి ఎల్‌జీఏ1700.

ఏఎండీ ఏఎం4 బోర్డు ఉన్నవాళ్లకి కొంత వెసులుబాటు ఉంది. 2018లో వచ్చిన బీ450 బోర్డులు కూడా బయోస్ అప్‌డేట్ చేస్తే రైజెన్ 5000 సిరీస్‌ని నడుపుతాయి. అయితే ఆ అప్‌డేట్ పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే చేసుకోవాలి. తీసేశాక గుర్తొస్తే చాలా బోర్డుల్లో మళ్లీ పెట్టాల్సిందే. ఏఎం4 ప్రాసెసర్ ఏఎం5 బోర్డులో కూర్చోదు.

ఇంకో మాట. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్లకి లోపల గ్రాఫిక్స్ ఉండదు. ఏఎండీలో రైజెన్ 5 5600కి ఉండదు, 5600జీకి ఉంటుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ఇంట్లో ఇది చూడకుండా కొంటే మానిటర్ మీద బొమ్మే రాదు.

3. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ విషయంలో ఏం చూడాలి?

డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 స్టిక్‌లకి గాడి ఒకే చోట ఉండదు, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు. లాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, మామూలు డెస్క్‌టాప్ బోర్డులకి పనికిరాదు. రెండు స్లాట్లు ఉంటే 16 జీబీ ఒక్కటి పెట్టేకన్నా 8 జీబీవి రెండు జతగా పెడితే వేగం మెరుగు.

ఎస్‌ఎస్‌డీలో 2.5 అంగుళాల సాటా రకం దాదాపు ప్రతి పాత బోర్డుకీ సరిపోతుంది. ఎమ్.2 రకం కొనాలంటే ముందు బోర్డు మీద ఆ స్లాట్ ఉందో లేదో, అది సాటాని తీసుకుంటుందో ఎన్‌వీఎమ్‌ఈని తీసుకుంటుందో మాన్యువల్‌లో చూడండి. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి, పని చేసే తీరు వేరు.

4. గ్రాఫిక్స్ కార్డు పెట్టుకోవాలంటే?

నాలుగు కొలతలు సరిచూడాలి: కార్డు పొడవు, కేసులో ఖాళీ, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) సామర్థ్యం, దానికున్న కనెక్టర్లు. బోర్డు స్లాట్ నుంచి కార్డుకి 75 వాట్ల దాకా అందుతుంది. 6 పిన్ల కనెక్టర్ ఇంకో 75, 8 పిన్లది 150 వాట్లు ఇస్తాయి. అంతకు మించి కావాల్సిన కార్డుని పేరు లేని చవక ఎస్‌ఎంపీఎస్‌కి తగిలిస్తే దానితోపాటు బోర్డు కూడా పోయే ప్రమాదం ఉంది.

ఆఫీసుల నుంచి బయటికి వచ్చిన డెల్, హెచ్‌పీ, లెనోవో మెషీన్లు వాడేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. వాటిలో చాలా మోడళ్లకి ఎస్‌ఎంపీఎస్ ఆకారం, బోర్డుకి వెళ్లే కనెక్టర్ ఆ కంపెనీ సొంతవి. బజార్లో దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ వాటికి తగలదు. సన్నటి కేసుల్లో తక్కువ ఎత్తు కార్డులే పడతాయి.

5. తక్కువ డబ్బుతో ముందు ఏది మార్చాలి?

ఇంకా హార్డ్‌డిస్క్ మీదే నడుస్తున్న మెషీన్‌కి ముందు ఎస్‌ఎస్‌డీ. ఖర్చు తక్కువ, తేడా ఎక్కువ. ర్యామ్ 4 జీబీయే ఉంటే రెండోది అది. ప్రాసెసర్ మార్పు ఆ తర్వాతే, అదీ ఉన్న బోర్డులోనే పెద్ద మోడల్ పడుతుందంటేనే.

విండోస్ 11 కావాలంటే టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్, ఇంటెల్ 8వ తరం లేదా రైజెన్ 2000 సిరీస్ నుంచి ఉన్న ప్రాసెసర్లు కావాలి. అంతకు ముందు తరం మెషీన్ మీద విండోస్ 11 కోసం డబ్బు పోయడం దండగ. దానికి ఒక ఎస్‌ఎస్‌డీ వేసి ఉబుంటు, మింట్ లాంటి ఉచిత లినక్స్ పెట్టుకుంటే పిల్లల చదువుకి, బ్రౌజింగ్‌కి, ఉత్తరాలు టైపు చేసుకోవడానికి నిక్షేపంగా పనిచేస్తుంది. భద్రతా అప్‌డేట్లూ వస్తూనే ఉంటాయి.

ఏఐ డేటా సెంటర్లకి మెమరీ చిప్‌లు తరలిపోవడమే ర్యామ్ ధరలు పెరగడానికి ముఖ్య కారణం. మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబరులో తన క్రూషియల్ బ్రాండ్ రిటైల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది, అమ్మిన సరుకుకి వారంటీ మాత్రం కొనసాగిస్తామంది. అందుకే ఆ పేరు మీద ఉన్న పాత ర్యామ్ బిల్లుని ఎవరూ పారేయకూడదు.

షాపు దగ్గర

6. షాపువాళ్లు "సరిపోతుంది, తీసుకెళ్లండి" అన్నారు. ఇంటికొచ్చి పెడితే పనిచేయలేదు. తప్పు ఎవరిది?

మీరు ఎలా అడిగారన్నదాన్ని బట్టి ఉంటుంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ ఇక్కడ చాలా ముఖ్యం. సరుకు ఏ పనికోసం కావాలో కొనేవారు ముందే చెప్పి, అమ్మేవారి అనుభవం మీద ఆధారపడి కొన్నప్పుడు, ఆ సరుకు ఆ పనికి తగినదై ఉండాలన్న షరతు అమ్మకంలో దానంతటదే చేరిపోతుంది. అంటే, "మా బోర్డు ఫలానా మోడల్, దీనికి పనిచేసే ర్యామ్ ఇవ్వండి" అని అడిగి, ఆ రకం ర్యామ్ అమ్మడమే వ్యాపారమైన షాపులో కొంటే బాధ్యత షాపుది.

అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. కొనేవారే బ్రాండు, మోడల్ పేరు చెప్పి "అదే కావాలి" అని తీసుకుంటే ఆ షరతు వర్తించదు. మీరు అడిగింది మీకు ఇచ్చారు, అది మీ మెషీన్‌కి సరిపోకపోతే షాపు తప్పు కాదు. యూట్యూబ్‌లో చూసిన పేరు చెప్పి తెచ్చుకున్నవాళ్లు నష్టపోయేది ఈ మినహాయింపు వల్లే.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా దీనికి తోడవుతుంది. ఆ చట్టం "లోపం" అన్నదానికి ఇచ్చిన నిర్వచనంలో, వ్యాపారి తన సరుకు గురించి ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణానికి అది తగ్గినా లోపమే. "ఈ బోర్డుకి పనిచేస్తుంది" అన్న షాపు మాట ఆ కోవలోకి వస్తుందని మీరు వాదించవచ్చు. కాకపోతే నోటిమాటని నిరూపించడం కష్టం. అందుకే బిల్లు మీద ఒక్క వాక్యం రాయించండి: "కస్టమర్ చెప్పిన ఫలానా మోడల్ మదర్‌బోర్డుకి, ఫలానా బయోస్ వెర్షన్‌తో పనిచేస్తుందన్న హామీతో అమ్మడమైనది." బిల్లు మీద రాయడం కుదరదంటే కొనే ముందే వాట్సాప్‌లో ఆ ప్రశ్న అడిగి జవాబు తెప్పించుకోండి. నిజంగా తెలిసి అమ్మే షాపు దీనికి అభ్యంతరం చెప్పదు. రాయడానికి వెనకాడితే ఆ భాగం గురించి వాళ్లకే నమ్మకం లేదని అర్థం చేసుకోవచ్చు.

7. బిల్లు లేకుండా అయితే జీఎస్టీ తగ్గిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. కంప్యూటర్ భాగాల మీద జీఎస్టీ 18 శాతం. 6,000 రూపాయల బోర్డుకి 1,080 పన్ను పడుతుంది, బిల్లుతో 7,080 అవుతుంది. ఆ 1,080 మిగిల్చుకుంటే పోయేది మూడేళ్ల వారంటీ, వాపసు అడిగే హక్కు, వినియోగదారుల కమిషన్‌లో చూపించే సాక్ష్యం. బిల్లు ఇవ్వకపోవడం 2019 చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కూడా.

8. బిల్లులో ఏమేం ఉండాలి?

షాపు పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, తేదీ, సరుకు పేరు, ధర, పన్ను. జీఎస్టీ నంబరు 15 అక్షరాలు. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన షాపుది 37తో మొదలవుతుంది, తెలంగాణది 36తో. విశాఖ షాపు బిల్లులో ఇంకో సంఖ్య కనిపిస్తే అడగండి. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న వ్యాపారి కస్టమర్ దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు, బిల్ ఆఫ్ సప్లై ఇవ్వాలి. అలాంటి బిల్లులో 18 శాతం వేస్తే తప్పు.

వీటితోపాటు పూర్తి మోడల్ నంబరు, సీరియల్ నంబరు రాయించండి. "ర్యామ్ 8 జీబీ – 1" అని రాసిన బిల్లుతో సర్వీసు సెంటర్‌లో వారంటీ దొరకడం కష్టం. పెట్టె మీది సీరియల్ నంబరు, భాగం మీది నంబరు ఒకటేనా అన్నది అక్కడే, డబ్బు కట్టకముందే చూడండి. సరుకుని పరిశీలించుకునే అవకాశం కొనేవారికి ఉండాలని సరుకుల విక్రయ చట్టమే చెబుతోంది. ఇంటెల్ బోర్డు కొంటే సాకెట్ మూత తీయించి పిన్నులు చూడండి. ఏఎం4 అయితే పిన్నులు ప్రాసెసర్ అడుగున ఉంటాయి. ఇంటికొచ్చాక వంగిన పిన్ను చూపిస్తే అది మీరే వంచారంటారు.

9. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు మీద ముద్ర ఉంది. ఇక అంతేనా?

లోపం ఉన్న సరుకు విషయంలో ఆ ముద్ర చెల్లదు. బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా, లోపమున్న సరుకుని వెనక్కి తీసుకోవడానికి, డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 చట్టం స్పష్టంగా చెప్పింది.

దీనికి హద్దు కూడా ఉంది. సరుకు బాగానే ఉండి మీ మనసు మారితే, ఇంకో షాపులో ధర తక్కువని తెలిస్తే వాపసు అడిగే హక్కు చట్టం ఇవ్వలేదు. అది షాపువాళ్ల మంచితనం మీద ఉంటుంది.

10. పెట్టె మీద ఏం చూడాలి?

తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైంది, నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ, ఫిర్యాదులకు ఫోన్ నంబరు ఉండాలి. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమాలు ఇవి. ర్యామ్ కొరత ఉందని చెప్పి ప్యాకెట్ మీది ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ అడగడం నేరం. అలా అడిగితే తూనికలు, కొలతల శాఖకి ఫిర్యాదు చేయవచ్చు. ఎంఆర్‌పీకి లోపల ధర ఎంత పెంచినా అది వ్యాపారి ఇష్టం, అందుకే రెండు మూడు చోట్ల అడిగి కొనాలి.

ఎస్‌ఎంపీఎస్, మానిటర్, యూపీఎస్‌లకి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వాటి మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు వివరాలు వస్తాయి. ఎస్‌ఎంపీఎస్ దగ్గర ఈ తనిఖీ అసలు మానకండి. మిగతా భాగాలన్నిటికీ కరెంటు దాని గుండానే వెళ్తుంది.

11. ఆన్‌లైన్‌లో కొంటే?

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం లోపమున్న, నకిలీదైన, వెబ్‌సైట్‌లో చెప్పిన లక్షణాలు లేని సరుకుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ప్రతి సంస్థకీ ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. సరుకు ఏ దేశంలో తయారైందో పేజీలో చూపించాలి.

కొనే రోజే సరుకు పేజీ స్క్రీన్‌షాట్ తీయండి, తర్వాత ఆ పేజీ మారిపోవచ్చు. పార్సిల్ విప్పుతూ వీడియో తీయడం చట్టం పెట్టిన షరతు కాదు. కానీ ఖాళీ పెట్టె, వేరే సరుకు వచ్చినప్పుడు దానిని మించిన సాక్ష్యం ఉండదు.

12. సెకండ్ హ్యాండ్ భాగాలకి హక్కులుంటాయా?

తక్కువ బడ్జెట్‌లో పాత డీడీఆర్4 ర్యామ్, పాత ప్రాసెసర్ మంచి దారే. షాపు అమ్మితే పాత సరుకైనా వినియోగదారుల చట్టం వర్తిస్తుంది. ఎన్ని రోజుల టెస్టింగ్ వారంటీ ఇస్తున్నారో బిల్లు మీద రాయించాలి. అదే ఒక మనిషి ఇంట్లో వాడినది మీకు నేరుగా అమ్మితే ఆయన వ్యాపారి కాదు కాబట్టి కమిషన్‌కి వెళ్లలేరు. కావాలని మోసం చేసి ఉంటే పోలీసు ఫిర్యాదు ఒక దారి. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పాత గ్రాఫిక్స్ కార్డుల్లో పాత చిప్ మీద కొత్త మోడల్ పేరు ఎక్కించిన నకిలీలు తిరుగుతున్నాయి. జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ నడిపిస్తే చాలావాటిని పట్టేస్తుంది. ఎస్‌ఎస్‌డీ, హార్డ్‌డిస్క్ ఆరోగ్యం క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూడండి. ఇంటెల్ 13, 14 తరాల్లో కొన్ని ప్రాసెసర్లు వోల్టేజీ లోపం వల్ల దెబ్బతిన్నాయి. దానికి 2024లో ఆ కంపెనీ బయోస్ ద్వారా సవరణ ఇచ్చి, బాక్స్ ప్రాసెసర్లకి వారంటీని రెండేళ్లు పెంచింది. అవి పాతవి కొంటే అసలు బిల్లు లేకుండా తీసుకోవద్దు.

వారంటీ

13. "షాపు వారంటీ"కి, కంపెనీ వారంటీకి తేడా ఏమిటి?

షాపు వారంటీ ఆ షాపు ఉన్నంతవరకే. కంపెనీ వారంటీ షాపు మూతపడినా ఉంటుంది. పెట్టె లేకుండా ట్రే నుంచి తీసి అమ్మే ప్రాసెసర్లకి సాధారణంగా కొనేవారికి నేరుగా కంపెనీ వారంటీ ఉండదు. ధర తక్కువ కావడానికి కారణం అదే. అలాంటిది కొంటే "వారంటీ ఎవరిస్తారు, ఎన్నాళ్లు" అన్నది బిల్లులో ఉండాలి.

విదేశంలో ఉన్న బంధువులు తెచ్చిన భాగాలకీ ఇదే చిక్కు. కొన్ని కంపెనీలు కొన్న దేశంలోనే వారంటీ ఇస్తాయి. ఇక్కడి అధీకృత పంపిణీదారుల దగ్గర కొన్న ప్రాసెసర్లకే భారత్‌లో వారంటీ అని ఇంటెల్ 2016లో పెట్టిన నిబంధనపై కాంపిటీషన్ కమిషన్ 2019లో విచారణకి ఆదేశించింది. అంటే వారంటీ షరతులు కూడా ప్రశ్నించరానివి కావు. అయినా తెప్పించుకునే ముందు ఆ సీరియల్ నంబరుకి ఇక్కడ వారంటీ ఉందో లేదో కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోవడమే మేలు.

14. మేమే కేసు విప్పి అమర్చుకుంటే వారంటీ పోతుందా?

విడిభాగాలు అమర్చుకోవడానికే అమ్ముతారు కాబట్టి అమర్చినంత మాత్రాన వాటి వారంటీ పోదు. కాలిన మరక, విరిగిన చిప్, వంగిన పిన్ను, చెరిగిన సీరియల్ స్టిక్కరు ఉంటే పోతుంది. సముద్రపు గాలి, తేమ వల్ల పట్టే తుప్పుని కూడా చాలా కంపెనీలు వారంటీ నుంచి మినహాయిస్తాయి. తీర ప్రాంతంలో ఉన్నవాళ్లు కేసుని కిటికీ పక్కన, నేల మీద పెట్టకపోవడం మంచిది.

పూర్తి బ్రాండెడ్ మెషీన్ వారంటీలో ఉంటే మాత్రం విప్పే ముందు కార్డు చదవండి. మరమ్మతు హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో కమిటీ వేసి, ఆ డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది. మాన్యువళ్లు, సర్వీసు సెంటర్ల వివరాలు అందులో దొరుకుతాయి.

15. కరెంటు హెచ్చుతగ్గులకి బోర్డు కాలిపోతే?

దాదాపు ఏ వారంటీలోనూ రాదు. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవడం, యూపీఎస్ పెట్టుకోవడం, ఉరుములు మొదలవగానే ప్లగ్ తీసేయడం, వీటికయ్యే ఖర్చు కొత్త బోర్డుకన్నా ఎప్పుడూ తక్కువే. మీ వీధిలో వోల్టేజీ తరచూ ఆడుతుంటే విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్‌కి 1912 నంబరులో ఫిర్యాదు చేసి, ఆ ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఫిర్యాదులు నమోదైతేనే సమస్య ఉన్నట్టు లెక్కలో ఉంటుంది.

ఫిర్యాదు చేయాలంటే

16. విజయనగరంలోనో హైదరాబాద్‌లోనో కొన్నదానికి అక్కడికే వెళ్లి కేసు వేయాలా?

అక్కర్లేదు. 2019 చట్టం తెచ్చిన పెద్ద మేలు ఇదే. కొనేవారు నివసించే చోట, లేదా పనిచేసే చోట కూడా ఫిర్యాదు వేయవచ్చు. 2022లో జిల్లాలు మారినా పద్మనాభం మండలం విశాఖపట్నం జిల్లాలోనే ఉంది కాబట్టి ఇక్కడివారు సరుకు ఎక్కడ కొన్నా విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు.

వరస ఇలా పెట్టుకోండి. ముందు షాపుకి, కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి 15 రోజుల గడువివ్వండి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. అక్కడా తేలకపోతే కమిషన్. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోగా వేయాలి. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. అవతలివారికి నోటీసు అందాక మూడు నెలల్లో, సరుకుని పరీక్షకి పంపాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఆచరణలో ఇంకా ఆలస్యం కావచ్చు, ఆ ఓపికతోనే మొదలుపెట్టాలి.

17. నేను జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నాను. నేనూ వినియోగదారుడినేనా?

వ్యాపార అవసరానికి కొన్నవారు ఈ చట్టం కిందికి రారు. కానీ స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొని, తానే వాడుకునేవారిని చట్టం మినహాయించి లోపలికి తీసుకుంది. ఒక్కరే కూర్చుని నడుపుకునే సెంటర్‌కి కొన్న మెషీన్ ఆ కిందికి వస్తుంది. ఫిర్యాదులో ఆ మాట స్పష్టంగా రాయాలి.

18. షాపువాళ్లు విండోస్ "ఉచితంగా" వేసిస్తామన్నారు. ఫర్వాలేదా?

అది దొంగ కాపీ అయితే ఫర్వా ఉంది. కాపీరైట్ చట్టం 63బీ సెక్షన్ ప్రకారం నకిలీదని తెలిసి కంప్యూటర్‌లో వాడటం కూడా నేరమే. అలాంటి కాపీల్లో వైరస్‌లు దాగి ఉండి బ్యాంకు పాస్‌వర్డులు పోయే ప్రమాదం వేరే ఉంది. బ్రాండెడ్ మెషీన్‌తో వచ్చిన విండోస్ లైసెన్సు ఆ బోర్డుకే ముడిపడి ఉంటుంది. బోర్డు మారిస్తే అది సాధారణంగా చెల్లదు, కాబట్టి బోర్డు మార్చే బడ్జెట్‌లో లైసెన్సు ఖర్చు కూడా కలుపుకోవాలి. డబ్బు లేకపోతే లినక్స్ ఉంది.

19. తీసేసిన భాగాలు ఏం చేయాలి?

పనిచేసేవి అమ్మండి, లేదా అవసరమైన పిల్లలకివ్వండి. హార్డ్‌డిస్క్ ఇచ్చేముందు పూర్తిగా చెరిపేయండి. రిపేరుకి ఇచ్చినప్పుడు షాపు మీ వ్యక్తిగత సమాచారం బయటపెడితే అదీ అనుచిత వ్యాపార పద్ధతే. పాడైన బోర్డుల్లో సీసం వంటి విష లోహాలుంటాయి, చెత్తబండిలో వేయకండి, కాల్చకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నియమాల ప్రకారం వాటిని రీసైక్లింగ్‌కి చేర్చే బాధ్యత తయారీ కంపెనీలది. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి దగ్గర్లో ఎక్కడ తీసుకుంటారో అడగండి. యూపీఎస్ బ్యాటరీని మిగతా చెత్తతో కలపకుండా విడిగా ఇవ్వడం 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేవారి బాధ్యత.

20. నాలుగు వేల రూపాయల ర్యామ్ కోసం ఇంత చేయాలా?

చేయాలి. రోజు కూలి మీద, చిన్న జీతం మీద నడిచే ఇంట్లో నాలుగు వేలు చిన్న మొత్తం కాదు. పిల్ల చదువు కోసం నెలల తరబడి దాచిన డబ్బు అది. చిన్న కొనుగోళ్లు చేసేవారు వెనకాడకూడదనే 5 లక్షల దాకా ఫీజు తీసేశారు, ఉన్న ఊరి నుంచే వేసుకునే వీలిచ్చారు. పైగా చాలా గొడవలు కమిషన్ దాకా వెళ్లవు. బోర్డు మోడల్ రాసిన బిల్లు, సీరియల్ నంబరు, వాట్సాప్ జవాబు చేతిలో ఉన్నవాళ్లతో ఏ షాపూ ఎక్కువసేపు వాదించదు. అందుకే అసలు పని కొనే రోజునే, డబ్బు కట్టకముందే అయిపోవాలి.